ఏటీసీ అవ్వాలంటే: నోటిఫికేషన్ నుంచి రేటింగ్ దాకా

ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ అవ్వాలనుంది, ఏ కోర్సు చేయాలి, ఎంత ఫీజవుతుంది అని అడిగే పిల్లలకి, వాళ్ల అమ్మానాన్నలకి ముందు చెప్పాల్సింది ఒక్కటే. మన దేశంలో సివిల్ ఏటీసీకి ముందు ఉద్యోగం, తర్వాత ట్రైనింగ్. డబ్బు కట్టి, ఏదో ఇన్‌స్టిట్యూట్‌లో డిప్లొమా చేసి, ఆ సర్టిఫికెట్‌తో టవర్ ఎక్కే దారి లేదు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా, అంటే ఏఏఐ, జూనియర్ ఎగ్జిక్యూటివ్ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) అని నోటిఫికేషన్ ఇస్తుంది, పరీక్ష పెడుతుంది, సెలెక్ట్ అయినవాళ్లని తన అకాడమీలకే పంపి నేర్పిస్తుంది. శంషాబాద్ ఎయిర్‌పోర్టు నడిపేది జీఎంఆర్ కదా, వాళ్లని అడిగితే సరిపోదా అనుకుంటారు కొందరు. బిల్డింగ్, రన్‌వే వాళ్లు చూసుకుంటారు. పైన టవర్లో, రాడార్ ముందు కూర్చునేది ఏఏఐ వాళ్లే. ఢిల్లీ, బెంగళూరు అయినా అంతే. కాబట్టి 'ఏటీసీ డిప్లొమా, గ్యారంటీ ప్లేస్‌మెంట్' అని ఎవరైనా లక్షలు అడిగితే ఆ డబ్బు ఇంట్లోనే ఉంచుకోండి. రాతపరీక్షకి కోచింగ్ కావాలంటే అది వేరే సంగతి, మీ ఇష్టం.

అర్హతలో మన పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది గ్రూపు దగ్గర. రెగ్యులర్‌గా చదివిన మూడేళ్ల బీఎస్సీ అయితే అందులో ఫిజిక్స్, మ్యాథ్స్ రెండూ ఉండాలి. ఎంపీసీ, ఎంపీసీఎస్ వాళ్లకి ఇబ్బంది లేదు. కానీ ఎంఈసీఎస్, ఎంఎస్‌సీఎస్ తీసుకున్నవాళ్లకి మ్యాథ్స్ ఉన్నా ఫిజిక్స్ లేదు, అక్కడితో దారి మూసుకుపోతుంది. ఇంటర్ ఎంపీసీ చదివి 'డిగ్రీలో ఏ గ్రూపైనా ఒకటే' అనుకుంటున్న తమ్ముడో చెల్లెలో ఇంట్లో ఉంటే ఈ మాట ఇప్పుడే చెప్పండి, మూడో ఏడాదిలో తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు. బీటెక్ ఏ బ్రాంచ్ అయినా పనికొస్తుంది, కాకపోతే ఏదో ఒక సెమిస్టర్లో ఫిజిక్స్, మ్యాథ్స్ సబ్జెక్టులుగా ఉండాలి. మామూలుగా ఫస్టియర్‌లోనే ఉంటాయి. పాలిటెక్నిక్ చేసి ఈసెట్‌తో నేరుగా సెకండియర్‌లో చేరినవాళ్లు మాత్రం మార్కుల మెమోలు బయటికి తీసి ఫిజిక్స్ అనే పేరు ఎక్కడైనా ఉందో లేదో చూసుకోండి, లేకపోతే అప్లై చేసే ముందే నోటిఫికేషన్‌లోని మాటలతో పోల్చి చూసుకుని నిర్ణయించుకోండి. డిస్టెన్స్ డిగ్రీ పనికిరాదు. టెన్త్‌లోనో ఇంటర్లోనో ఇంగ్లిష్ ఒక సబ్జెక్టుగా పాసై ఉండాలి, అది దాదాపు అందరికీ ఉంటుంది.

వయసు 27 దాటకూడదు. ఓబీసీ నాన్ క్రీమీలేయర్‌కి మూడేళ్లు, ఎస్సీ ఎస్టీలకి అయిదేళ్లు సడలింపు ఉంది. నోటిఫికేషన్ ప్రతి ఏడాదీ ఒకే నెలలో వస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. 2022లో 400 పోస్టులకి వచ్చింది, 2023లో 496కి, ఆ తర్వాత 2025లో 309కి. మధ్యలో ఒక సంవత్సరం పోయిందంటే, 26 ఏళ్ల వాడికి అదే ఆఖరి అవకాశం కావచ్చు. అందుకే డిగ్రీ ఆఖరి ఏడాదిలోనే చదవడం మొదలుపెట్టడం మంచిది. ఇంకోటి, ఇదే సంస్థ జూనియర్ ఎగ్జిక్యూటివ్ (ఎలక్ట్రానిక్స్) పోస్టుల్ని గేట్ స్కోరుతో భర్తీ చేస్తుంటుంది. అది చూసి ఏటీసీకి కూడా గేట్ కావాలని చాలామంది భయపడతారు. ఏటీసీకి వేరే కంప్యూటర్ పరీక్ష ఉంటుంది.

ఆ పరీక్ష 120 ప్రశ్నలు, రెండు గంటలు. సగం ఇంగ్లిష్, రీజనింగ్, ఆప్టిట్యూడ్, జీకే. మిగతా సగం ఫిజిక్స్, మ్యాథ్స్. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకండి. ఎంసెట్‌కి గట్టిగా చదివిన బుర్రకి ఫిజిక్స్, మ్యాథ్స్ కొత్తగా ఏమీ అనిపించవు, తుప్పు వదిలించుకోవాలంతే. మన పిల్లలకి మార్కులు పోయేది ఇంగ్లిష్‌లోనూ టైమ్ దగ్గరా. దీని గురించి ఇంతకంటే చెప్పను, పాత పేపర్లు చాలా దొరుకుతాయి.

రాతపరీక్ష తర్వాత వచ్చేవాటి గురించే ఎవరూ ముందుగా ఆలోచించరు. సర్టిఫికెట్ల పరిశీలన, వాయిస్ టెస్ట్, మత్తుపదార్థాల పరీక్ష, సైకలాజికల్ పరీక్ష, మెడికల్. మత్తుపదార్థాల పరీక్ష విషయంలో సలహా ఏముంటుంది, ఆ జోలికి వెళ్లొద్దు. ఉద్యోగంలో చేరాక కూడా ఈ పరీక్షలు, డ్యూటీకి ముందు బ్రీత్ ఎనలైజర్ పరీక్షలు ఉంటాయి. మెడికల్‌లో అద్దాలు పెట్టుకున్నవాళ్లు కంగారుపడక్కర్లేదు, అద్దాలతో చూపు సరిగ్గా ఉంటే చాలు. చూసుకోవాల్సింది రంగుల గుర్తింపు, వినికిడి. రంగురంగుల చుక్కల మధ్య అంకె కనిపించే ఇషిహారా ప్లేట్ల పరీక్ష ఏ కంటి డాక్టర్ దగ్గరైనా చేస్తారు. రెండేళ్లు చదివి చివర్లో అక్కడ ఆగిపోవడం కంటే, చదువు మొదలుపెట్టే ముందే ఒకసారి చూపించుకోండి. రంగులు ఎందుకంత ముఖ్యమంటే, రేడియో పనిచేయని విమానానికి టవర్ నుంచి లైట్‌తోనే చెప్పాల్సి వస్తుంది. గాల్లో ఉన్న విమానానికి ఆగకుండా వెలిగే పచ్చలైటు చూపిస్తే దిగొచ్చని, ఎర్రలైటు చూపిస్తే దారి ఇచ్చి చుట్టూ తిరుగుతూ ఉండమని.

వాయిస్ టెస్ట్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు టెన్షన్ పడేది ఇక్కడే. అక్కడ ఎవరూ మీ నుంచి బీబీసీ యాస ఆశించరు. నత్తి లేకుండా, మింగేయకుండా, అవతలివాడికి ఒక్కసారిలో అర్థమయ్యేలా చదవగలరా, మాట్లాడగలరా అనేదే చూస్తారు. మనకి ఉన్న అలవాట్లు కొన్ని రేడియోలో ఇబ్బంది పెడతాయి. మాట చివర అచ్చు చేర్చి 'రైటు', 'లెఫ్టు' అనడం, 'ఎయిట్'ని 'యెయిట్' అనడం, 'జీరో'లో ఇంగ్లిష్ జెడ్ శబ్దం పలక్కపోవడం, అన్నిటికంటే ముఖ్యంగా గబగబా మాట్లాడడం. నిమిషానికి వంద మాటలు మించకుండా, ఒకే వేగంతో, ఒకే గొంతుతో చదవడం అలవాటు చేసుకోండి. రోజూ ఇంగ్లిష్ పేపర్లో ఒక వార్త గట్టిగా చదివి ఫోన్‌లో రికార్డు చేసి వినండి. మొదటి వారం మీ గొంతు మీకే నచ్చదు, ఆపేయకండి. ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) అక్షరమాల, అంటే రేడియోలో ఒక్కో అక్షరానికి ఒక్కో మాట, నేర్చుకోవడానికైతే రోడ్డు మీద కనిపించే ప్రతి బండి నంబరూ పనికొస్తుంది. టీజీ 09 అని కనిపిస్తే 'టాంగో గోల్ఫ్ జీరో నైనర్', ఏపీ 39 అయితే 'అల్ఫా పాపా ట్రీ నైనర్'. త్రీని ట్రీ అని, ఫైవ్‌ని ఫైఫ్ అని, నైన్‌ని నైనర్ అని పలకడమే పద్ధతి. గరగరలాడే రేడియోలో ఒక అంకె ఇంకో అంకెలా వినపడకుండా పెట్టుకున్న పలుకులివి. ఆటో ఎక్కి వెళ్తూ పది బండ్లు చదివితే నెలలో నోటికి వచ్చేస్తుంది.

సెలెక్ట్ అయ్యారు, బాండ్ రాశారు, కాల్ లెటర్ వచ్చింది. బాండ్ మొత్తం లక్షల్లో ఉంటుంది, మధ్యలో మానేస్తే కట్టాలి, సంతకం పెట్టేముందు ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. పోస్టింగ్ దేశంలో ఎక్కడైనా పడుతుంది, హైదరాబాదే కావాలంటే కుదరదు. ట్రైనింగ్‌కి వెళ్లే చోట్లు మూడు: ప్రయాగ్‌రాజ్‌లోని సివిల్ ఏవియేషన్ ట్రైనింగ్ కాలేజ్, ఇది 1948 నుంచి ఉంది. మహారాష్ట్రలో గోండియా. మూడోది మన బేగంపేట పాత ఎయిర్‌పోర్టులోని హైదరాబాద్ ట్రైనింగ్ సెంటర్. ఎటు పంపుతారనేది మన చేతిలో ఉండదు.

అకాడమీలో గడిచేది సుమారు ఆరు నెలలు. క్లాసుల్లో ఎయిర్ ట్రాఫిక్ సర్వీసెస్, రూల్స్ ఆఫ్ ది ఎయిర్, వాతావరణం, నావిగేషన్, విమానాల రకాలు, ఏరోడ్రోమ్ సంగతులు, ఏవియేషన్ చట్టం చెప్తారు. పుస్తకాల్లో డాక్ 4444 (ఐకావో రూల్ బుక్), మ్యాట్స్ పార్ట్ 1 (ఏఏఐ వాళ్ల ఎయిర్ ట్రాఫిక్ మాన్యువల్) అనే పేర్లు రోజుకి వందసార్లు వింటారు. బీటెక్‌లో లాగా పరీక్ష ముందు రాత్రి చదివి రాసేద్దామంటే ఇక్కడ కుదరదు, ఎందుకంటే పొద్దున క్లాసులో విన్నది మధ్యాహ్నం సిమ్యులేటర్లో నోటి వెంట రావాలి. 'హెవీ (బాగా బరువైన విమానం) వెనకాల మీడియం (అంతకంటే తేలికైంది) బయల్దేరాలంటే ఎంత?' అంటే 'రెండు నిమిషాలు' అని ఆలోచించకుండా రావాలి. పెద్ద విమానం రెక్కల చివర్ల నుంచి సుడులు తిరుగుతూ గాలి వెనకే ఉండిపోతుంది, చిన్నది అందులో దూరితే బోల్తా పడొచ్చు. ఆ కారణం ఒకసారి మనసుకి ఎక్కితే అంకె దానంతటదే గుర్తుంటుంది. కారణం తెలుసుకోకుండా అంకెలు బట్టీ పట్టినవాళ్లే సిమ్యులేటర్లో తడబడతారు.

సిమ్యులేటర్ అంటే టవర్‌లో ఉన్నట్టే చుట్టూ తెరలు, ఎదురుగా రన్‌వే. పక్క గదిలో సూడో పైలట్లు కూర్చుని మీరు చెప్పినట్టు విమానాలు నడుపుతూ పైలట్లలా జవాబిస్తారు, చాలాసార్లు మీ బ్యాచ్‌మేట్లే. మీ వంతు అయిపోయాక సూడో పైలట్‌గా కూర్చోవడం టైమ్ వేస్ట్ అనుకోకండి. అవతలి చెవికి ఏది అర్థమవుతుంది, ఏది అవ్వదు అనేది ఆ కుర్చీలోనే తెలుస్తుంది. చేతిలో స్ట్రిప్‌లు ఉంటాయి, ఒక్కో విమానానికి ఒక సన్నటి కాగితం ముక్క, దాని మీద కాల్‌సైన్ (రేడియోలో ఆ విమానం పేరు), రకం, ఎక్కణ్నుంచి ఎక్కడికి, లెవెల్, టైమ్, రాడార్‌లో ఆ విమానాన్ని గుర్తుపట్టడానికి 0 నుంచి 7 దాకా అంకెలతో నాలుగంకెల ట్రాన్స్‌పాండర్ కోడ్. మీరు ఏం చెప్పినా అదే క్షణంలో స్ట్రిప్ మీద పడాలి. కంప్యూటర్ ఉండగా ఇదంతా ఎందుకనిపిస్తుంది. 2025 నవంబర్‌లో ఢిల్లీలో ఫ్లైట్ ప్లాన్‌లు అందించే మెసేజింగ్ సిస్టమ్ ఆగిపోయినప్పుడు కంట్రోలర్లు ఆ పనంతా చేత్తోనే చేయాల్సి వచ్చింది, వందల విమానాలు ఆలస్యమయ్యాయి.

రీడ్‌బ్యాక్ అనేదాని మీద ఇన్‌స్ట్రక్టర్లు ఎంత గట్టిగా ఉంటారో మీరే చూస్తారు. 'విండ్ 090 డిగ్రీస్ 8 నాట్స్, రన్‌వే 09 రైట్, క్లియర్డ్ టు ల్యాండ్' అని మీరు అంటే, పైలట్ రన్‌వే నంబర్‌తో సహా తిరిగి చెప్పాలి, మీరు దాన్ని శ్రద్ధగా వినాలి. చెప్పడం అందరికీ వస్తుంది. తను చెప్పిందే అవతలివాడు చెప్తున్నాడని ముందే అనుకుని వింటే 09 లెఫ్ట్ అన్నా మన చెవికి రైట్ అనే వినిపిస్తుంది. నా లెక్కలో ఈ వృత్తికి కావాల్సిన అసలు నైపుణ్యం ఇదే, వినడం. 1977 మార్చి 27న టెనెరిఫేలో పొగమంచులో రెండు జంబోలు రన్‌వే మీదే ఢీకొని 583 మంది చనిపోయారు. టేకాఫ్‌కి అనుమతి వచ్చిందని ఒక విమానం అనుకుంది, రాలేదు. అప్పట్నుంచే 'టేకాఫ్' అనే మాటని ఆ అనుమతి ఇచ్చేటప్పుడో రద్దు చేసేటప్పుడో తప్ప వాడకూడదనే నియమం వచ్చింది, మిగతా సందర్భాల్లో 'డిపార్చర్' అనాలి. మన దేశంలో 1996 నవంబర్ 12న చర్ఖీ దాద్రీ దగ్గర, 15 వేల అడుగుల దగ్గర ఆగమన్న కజక్ విమానం ఇంకా కిందికి దిగి, 14 వేల దగ్గరున్న సౌదీ జంబోని ఢీకొంది, 349 మంది పోయారు. అప్పట్లో ఢిల్లీ రాడార్‌లో ఎత్తు కనిపించేది కాదు. విమానం ఎక్కడుందో మాట మీదే నమ్మాల్సిన రోజులవి. ఈ రెండింటి దర్యాప్తుల గురించి అకాడమీకి వెళ్లేలోపే చదవండి, ప్రతి నియమం వెనక ఎవరి ప్రాణాలో ఉన్నాయని అర్థమయ్యాక రూల్ బుక్ విసుగనిపించదు.

అకాడమీకి వెళ్లేముందు ఖాళీగా ఉన్న నెలల్లో నోటిలెక్కలు చేయండి. నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు, కాబట్టి 60 నాట్లు అంటే నిమిషానికి ఒక నాటికల్ మైలు, దీని మీదే అన్నీ నడుస్తాయి. ఉదాహరణకి గన్నవరం నుంచి హైదరాబాద్‌కి ఒక ఏటీఆర్ విమానం, హైదరాబాద్ నుంచి గన్నవరానికి ఇంకోటి, ఒకే రూట్‌లో ఎదురెదురుగా, చెరి 240 నాట్లు. మధ్యలో 80 మైళ్ల దూరం ఉంది. రెండూ కలిపి 480, అంటే నిమిషానికి 8 మైళ్ల చొప్పున దగ్గరవుతున్నాయి, పది నిమిషాల్లో ఎదురుపడతాయి. ఒకదాన్ని పైకి, ఇంకోదాన్ని కిందికి పంపాలంటే, అవి ఒకదాన్నొకటి దాటేదాకా వాటి మధ్య వెయ్యి అడుగులు తగ్గకూడదు. ఇది కాగితం లేకుండా మూడు సెకన్లలో రావాలి. అలాగే ఎదురు దిశ లెక్క: 073కి ఎదురు దిశ ఎంత? రెండొందలు కలిపి ఇరవై తీసేయండి, 253. 290కి? రెండొందలు తీసి ఇరవై కలపండి, 110. బస్సులో కూర్చుని కూడా చేసుకోవచ్చు. చార్టులు చూడ్డం అలవాటవ్వాలంటే ఏఏఐ వాళ్ల ఈ-ఏఐపీ (ఎయిర్‌పోర్టుల చార్టులు, వివరాలుండే అధికారిక ప్రచురణ) ఇంటర్నెట్‌లో ఉచితంగానే ఉంటుంది, అందులో ఎయిర్‌పోర్టు కోడ్‌లు ఉంటాయి, వీఓహెచ్ఎస్ అంటే శంషాబాద్, వీఓహెచ్‌వై అంటే బేగంపేట, వీఓబీజెడ్ అంటే గన్నవరం, ట్యాక్సీవేలు, రన్‌వేలు వేలితో గీస్తూ చూడండి. వాట్‌సిమ్ లాంటి సిమ్యులేషన్ నెట్‌వర్క్‌ల్లో సరదాగా కంట్రోలింగ్ చేసేవాళ్లు ఉన్నారు. మైక్ భయం పోవడానికి మంచిదే. కానీ అక్కడి అలవాట్లే సరైనవని అకాడమీలో వాదించకండి, మ్యాట్స్‌లో ఏం రాసుందో అదే లెక్క.

యూనిఫాం మీద ఇష్టంతోనో, విదేశాల కోసమో వేరే దారి చూసేవాళ్లకి రెండు మాటలు. ఎయిర్‌ఫోర్స్‌లో ఏటీసీ పని అడ్మినిస్ట్రేషన్ బ్రాంచి ఆఫీసర్లది, ఏఎఫ్‌క్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి వెళ్లాలి, శిక్షణ దుండిగల్ అకాడమీలో మొదలవుతుంది. నేవీలో షార్ట్ సర్వీస్ కమిషన్‌లో ఏటీసీ ఎంట్రీ ఉంది, బీటెక్ వాళ్లకి. విశాఖ ఎయిర్‌పోర్టు నేవీ ఎయిర్ స్టేషన్ ఐఎన్ఎస్ డేగా మీద ఉంది, అక్కడ మీ విమానంతో మాట్లాడేది నేవీ కంట్రోలరే. రెండింటికీ వయోపరిమితి మళ్లీ తక్కువే, ముందు అది చూడండి. అమెరికాలో ఉన్న మన కుటుంబాల పిల్లలు ఎఫ్ఏఏలో (అక్కడి విమానయాన సంస్థ) చేరాలంటే సిటిజన్ అయి ఉండాలి, గ్రీన్‌కార్డు సరిపోదు, 31 ఏళ్లు నిండేలోపే అప్లై చేయాలి, అక్కడ అకాడమీ ఓక్లహోమా సిటీలో. గల్ఫ్‌కి వెళ్దామనుకునేవాళ్లకి మాత్రం అనుభవం, రేటింగులు (ఏ పొజిషన్‌లో సొంతంగా పనిచేయొచ్చో చెప్పే అనుమతులు) ముందు ఇక్కడ సంపాదించుకోవడమే దారి.

అకాడమీ పాసయ్యాక స్టేషన్‌కి, అంటే పోస్టింగ్ పడిన ఎయిర్‌పోర్టుకి, పంపుతారు. అప్పటికీ మీరు ఒక్క విమానంతో కూడా సొంతంగా మాట్లాడలేరు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే స్టూడెంట్ లైసెన్స్ మీద ఓజేటీ, అంటే ఆన్ ద జాబ్ ట్రైనింగ్, మొదలవుతుంది. హెడ్‌సెట్ మీకూ ఉంటుంది, పక్కన కూర్చున్న ఇన్‌స్ట్రక్టర్‌కీ ఉంటుంది. మాట్లాడేది మీరు, బాధ్యత వారిది, ఏ క్షణంలోనైనా మైక్ తీసుకుంటారు. ఇన్‌స్ట్రక్టర్ మైక్ తీసుకున్నారంటే అవమానం జరిగినట్టు కాదు. మొహం మాడ్చుకోకుండా వెంటనే ఆయన ఏం చేస్తున్నారో చూడండి, షిఫ్ట్ అయ్యాక ఆయన్నే అడగండి, 'సార్, ఆ టైంలో మీరేం చూశారు, నేనేం చూడలేదు' అని. ఈ ప్రశ్న అడిగే పిల్లవాడు త్వరగా ఎదుగుతాడు, సాకు చెప్పేవాడు నెలలు పోగొట్టుకుంటాడు. అనుమానం ఉంటే 'సే అగెయిన్' అనండి. సిగ్గుపడి ఊహించుకున్నవాడి మీద నమ్మకం పోతుంది, మళ్లీ అడిగినవాడి మీద పోదు.

మొదట వచ్చేది ఏరోడ్రోమ్ కంట్రోల్ రేటింగ్, అంటే టవర్. ఆ తర్వాత ఎయిర్‌పోర్టుకి వచ్చే, పోయే విమానాల్ని చూసే అప్రోచ్, దారి మధ్యలో ఉన్నవాటిని చూసే ఏరియా, వాటిలో మళ్లీ రాడార్ లేకుండా చేసే ప్రొసీజరల్, రాడార్‌తో చేసే సర్వైలెన్స్. వీటికి మధ్యమధ్యలో అకాడమీకి తిరిగి వెళ్లి కోర్సులు చేయాలి. ఒక్కోదానికీ గంటలు నిండాలి, రాత, నోటి పరీక్షలుంటాయి, బోర్డు ముందు లైవ్ ట్రాఫిక్‌తో చేసి చూపించాలి. రాడార్‌లో రూట్ మీద అయిదు మైళ్లు, అప్రోచ్‌లో మూడు మైళ్ల దూరం పాటించాలన్న అంకె ఎవరికైనా గుర్తుంటుంది, కానీ అయిదు విమానాలు ఒకేసారి దిగుతామని పిలిస్తే వరస కట్టి ఆ మూడు మైళ్లు నిలబెట్టడం ఓజేటీలోనే వస్తుంది. ఇంగ్లిష్‌కి ఐకావో లెవెల్ 4 తప్పనిసరి. లెవెల్ 4 వస్తే మూడేళ్లకోసారి, 5 వస్తే ఆరేళ్లకోసారి మళ్లీ పరీక్ష, 6 వస్తే ఇక అక్కర్లేదు.

రాత్రి డ్యూటీల గురించి ఇంట్లో ముందే చెప్పి ఉంచండి. సంక్రాంతి, దసరా మీ రోస్టర్‌ని పట్టించుకోవు. రెండు గంటలు పొజిషన్ మీద కూర్చున్నాక విరామం ఇవ్వాలని నియమం ఉంది. ఆ అరగంట ఫోన్ చూస్తూ గడిపేయకుండా కళ్లు మూసుకుని కూర్చోండి, లేదా బయటికి నడవండి. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి పగలు పడుకునేటప్పుడు గదికి మందపాటి కర్టెన్లు, ఇంట్లోవాళ్ల సహకారం రెండూ కావాలి. నిద్ర తక్కువైన రోజు రీడ్‌బ్యాక్ తప్పులు చెవికి దొరకవు, ఇది ఏ సీనియర్‌ని అడిగినా చెప్తారు.

రేటింగ్ బోర్డులో మొదటిసారి పోయినా కుంగిపోకండి, కానీ ఎక్కడ పోయిందో రాసి పెట్టుకుని అదే పరిస్థితిని సిమ్యులేటర్లో మళ్లీమళ్లీ పెట్టించుకోండి. ఇంకో విషయం చాలామందికి చేరాకే తెలుస్తుంది, రేటింగ్ ఆ స్టేషన్‌కే చెల్లుతుంది. గన్నవరంలో టవర్ రేటింగ్ ఉన్నా చెన్నైకి బదిలీ అయితే అక్కడ మళ్లీ ఓజేటీ, మళ్లీ బోర్డు. ప్రసవం సెలవో, అనారోగ్యమో, డెప్యుటేషనో, ఆరు నెలలు పొజిషన్ మీద కూర్చోకపోతే ఉన్న రేటింగ్ కూడా పోతుంది, తిరిగి తెచ్చుకోవాలి. బదిలీ ఆర్డర్ చేతికి రాగానే సామాన్లు సర్దేలోపే ఆ కొత్త స్టేషన్ చార్టులు, డిపార్చర్ రూట్లు, చుట్టూ ఉన్న కొండలు, టవర్ల ఎత్తులు ఈ-ఏఐపీలో చదివి వెళ్లండి, మొదటి రోజు ఇన్‌స్ట్రక్టర్ అడిగేవి అవే.